బహిరంగ సమావేశాలు, పాలనలో పారదర్శకత: చట్టాలు, ఆచరణ, కాప్రా అనుభవం

ప్రజల సొమ్ముతో, ప్రజల పేరిట నిర్ణయాలు తీసుకునే సంస్థలు ఆ పనిని ప్రజల కళ్లెదుటే చేయాలని నిర్దేశించే శాసనాలను బహిరంగ సమావేశాల చట్టాలు అంటారు. సమావేశం ఎప్పుడు, ఎక్కడ జరుగుతుందో ముందుగా ప్రకటించడం, అజెండాను అందరికీ అందుబాటులో ఉంచడం, పౌరులనూ విలేకరులనూ లోపలికి రానివ్వడం, జరిగిన చర్చను మినిట్స్‌గా రాసి బయటపెట్టడం ఈ చట్టాల్లోని నాలుగు ప్రధాన అంశాలు. తలుపులు మూసుకుని చర్చించడానికి అనుమతించే సందర్భాలను కూడా ఇవే చట్టాలు పేర్కొంటాయి.

భారతదేశంలో ఈ పేరుతో దేశమంతటికీ వర్తించే ప్రత్యేక చట్టం లేదు. 2005 నాటి సమాచార హక్కు చట్టం, పంచాయతీరాజ్ చట్టాలు, పురపాలక చట్టాలు, కంటోన్మెంట్ల చట్టం, పర్యావరణ నోటిఫికేషన్లు తలా కొంత ఆ పని చేస్తున్నాయి. వీటి బలాలు, లోపాలు ఒకేచోట కనిపించే ప్రాంతాల్లో సికింద్రాబాద్ శివారులోని కాప్రా ఒకటి. కాప్రా ఒకప్పుడు సొంత పురపాలక సంఘం, తర్వాత మహానగరంలో ఒక సర్కిల్. సమీపంలో కేంద్ర చట్టం కింద నడిచే కంటోన్మెంట్ బోర్డు ఉంది. పాలనా విధానం మారిన కొద్దీ నిర్ణయం జరిగే గదికీ పౌరుడికీ మధ్య దూరం ఎలా పెరుగుతుందో, ఎలా తగ్గుతుందో ఈ ప్రాంతం చూపిస్తుంది.

కాగితం హక్కు, సమావేశం హక్కు

పారదర్శకతకు రెండు దశలున్నాయి. నిర్ణయం జరిగాక దాని కాగితాలు పొందడం మొదటిది. నిర్ణయం జరుగుతున్నప్పుడే అక్కడ ఉండి వినడం, వీలైతే మాట్లాడటం రెండోది. మొదటిదాని వల్ల తప్పు బయటపడుతుంది, రెండోదాని వల్ల తప్పు జరగకముందే ఆగే అవకాశం ఉంటుంది. రోడ్డు వేశాక కొలతల పుస్తకం, అంటే ఎం-బుక్, నకలు సంపాదిస్తే బిల్లులో మోసం తెలుస్తుంది. ఆ రోడ్డు ఏ కాలనీకి ముందు వేయాలని చర్చించే రోజున అక్కడ ఉంటే ప్రాధాన్యమే మారవచ్చు. గత రెండు దశాబ్దాల్లో మన దేశం మొదటి హక్కును గట్టిగా నిలబెట్టింది. రెండో హక్కు ఇప్పటికీ అరకొరగానే ఉంది.

ప్రపంచంలో ఈ చట్టాల పుట్టుక

ప్రభుత్వ పత్రాలను చూసే హక్కుకు 1766లో స్వీడన్ చేసిన పత్రికా స్వేచ్ఛా చట్టం తొలి రూపం. సమావేశాల విషయంలో బ్రిటన్ 1908లోనే స్థానిక సంస్థల సమావేశాలకు విలేకరులను అనుమతించే చట్టం చేసింది. కౌన్సిళ్లు మొత్తం సభ్యులను ఒక కమిటీగా మార్చి, కమిటీ సమావేశం పేరుతో ఆ నిబంధనను తప్పించుకునేవి. 1960లో కొత్త ఎంపీగా ఉన్న మార్గరెట్ థాచర్ ప్రైవేటు సభ్యురాలి బిల్లుగా ప్రభుత్వ సంస్థల సమావేశాల ప్రవేశ చట్టాన్ని తెచ్చారు. పార్లమెంటులో ఆమె తొలి ప్రసంగం ఈ బిల్లు మీదే.

అమెరికాలో కాలిఫోర్నియా 1953లో బ్రౌన్ చట్టం చేసింది. స్థానిక సంస్థల రహస్య సమావేశాలపై ఒక శాన్‌ఫ్రాన్సిస్కో పత్రిక రాసిన వరస కథనాలు దానికి కారణం. సాధారణ సమావేశం అజెండాను 72 గంటల ముందు ప్రకటించాలని, అజెండాలో లేని అంశంపై నిర్ణయం చేయకూడదని, పౌరుడికి మాట్లాడే అవకాశం ఇవ్వాలని ఆ చట్టం చెబుతుంది. సభ్యుల్లో మెజారిటీ ఫోన్లలోనో మధ్యవర్తుల ద్వారానో ముందే మాట్లాడుకుని ఒక నిర్ణయానికి రావడమూ నిషేధమే. ఫ్లోరిడా, టెక్సస్ 1967లో, న్యూజెర్సీ 1975లో ఇలాంటి చట్టాలు చేశాయి. 1976లో కేంద్ర స్థాయి సంస్థలకూ ఒక చట్టం వచ్చింది.

ఫ్రీమాంట్, కుపర్టినో, ఎడిసన్, ఫ్రిస్కో లాంటి ఊళ్లలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ చట్టాలు నిత్య జీవితంలో భాగం. స్కూలు బోర్డు సమావేశంలోనో సిటీ కౌన్సిల్‌లోనో పేరు ఇచ్చి, కేటాయించిన నిమిషాల్లో తమ వాదన వినిపించే తెలుగు తల్లిదండ్రులు అక్కడ ఉన్నారు. ఇదే కుటుంబాల పెద్దలు సైనిక్‌పురిలోనో ఏఎస్ రావు నగర్‌లోనో ఉంటూ, తమ డివిజన్ పనుల గురించి మరుసటి రోజు పత్రిక చూసి తెలుసుకుంటున్నారు.

రాజ్యాంగ పునాది

తెలుసుకునే హక్కు అన్న మాట రాజ్యాంగంలో నేరుగా లేదు. భావప్రకటనా స్వేచ్ఛలో అది ఇమిడి ఉందని సుప్రీంకోర్టు క్రమంగా స్థిరపరచింది. 1975లో ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం, రాజ్‌నారాయణ్ మధ్య జరిగిన కేసులో, ప్రజాసేవకులు బహిరంగంగా చేసే ప్రతి పనినీ తెలుసుకునే హక్కు ప్రజలకు ఉందని జస్టిస్ కె.కె. మాథ్యూ రాశారు. 1981 నాటి ఎస్.పి. గుప్తా తీర్పు, అభ్యర్థుల నేరచరిత్ర, ఆస్తుల వివరాలు ఓటరుకు తెలియాలన్న 2002 నాటి తీర్పు ఆ దారినే బలపరిచాయి. 2018 సెప్టెంబరు 26న స్వప్నిల్ త్రిపాఠీ కేసులో కోర్టు తన విచారణల ప్రత్యక్ష ప్రసారానికే అంగీకరించింది.

చట్టసభల విషయంలో ఈ పోరాటం ఇంకా ముందే మొదలైంది. పార్లమెంటు చర్చలను పత్రికలు భయం లేకుండా ప్రచురించడానికి ఫిరోజ్ గాంధీ చొరవతో 1956లో ఒక చట్టం వచ్చింది. అత్యవసర పరిస్థితిలో దాన్ని రద్దు చేశారు. 1977లో అది మళ్లీ వచ్చింది. ఆ వెంటనే 44వ సవరణ ద్వారా రాష్ట్ర శాసనసభలకూ వర్తించేలా 361-ఎ అధికరణం రూపంలో రాజ్యాంగ రక్షణ దొరికింది. ఇప్పుడు లోక్‌సభ, శాసనసభ చర్చలను ఇంట్లో కూర్చుని చూడవచ్చు. మన వీధి దీపం, మన మురుగు కాల్వ గురించి చర్చించే సమావేశాలకు మాత్రం అంత వెలుగు ప్రసరించలేదు.

సమాచార హక్కు చట్టం ఏం చెబుతుంది

2005 జూన్ 15న రాష్ట్రపతి ఆమోదం పొందిన సమాచార హక్కు చట్టం అదే ఏడాది అక్టోబరు 12న పూర్తిగా అమల్లోకి వచ్చింది. రాజస్థాన్ పల్లెల్లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ 1994లో మొదలుపెట్టిన బహిరంగ విచారణలు దీనికి ఊపిరి. కూలీల మస్టర్ రోళ్లను ఊరందరి ముందు పైకి చదివితే చనిపోయినవాళ్ల పేర్లు, చేయని పనుల లెక్కలు బయటపడ్డాయి. అంటే ఈ చట్టం పుట్టింది కూడా ఒక బహిరంగ సభలోనే.

ఈ చట్టంలోని 4(1)(బి) సెక్షన్ ప్రతి ప్రభుత్వ సంస్థా ఎవరూ అడగకుండానే ప్రకటించాల్సిన 17 అంశాలను పేర్కొంటుంది. వాటిలో ఏడోది, విధానాల రూపకల్పనలో ప్రజలను సంప్రదించే ఏర్పాటు. ఎనిమిదోది మన విషయానికి అతి ముఖ్యం. సంస్థలో ఉన్న బోర్డులు, కౌన్సిళ్లు, కమిటీలు ఏవి, వాటి సమావేశాలకు ప్రజలు రావచ్చా, వాటి మినిట్స్ ప్రజలు చూడవచ్చా అన్నది ప్రకటించాలి. బహిరంగ సమావేశాల గురించి దేశవ్యాప్తంగా వర్తించే స్పష్టమైన వాక్యం ఇది. దీని పరిమితిని కూడా అర్థం చేసుకోవాలి. తలుపు తెరిచి ఉందో లేదో చెప్పమంటుందే తప్ప, తెరవమని ఆదేశించదు. 'ప్రజలకు ప్రవేశం లేదు' అని రాసి పెట్టినా నిబంధన పాటించినట్టే లెక్క.

అదే సెక్షన్‌లోని మరో రెండు క్లాజులు కొంత లోటు తీరుస్తాయి. ప్రజలపై ప్రభావం చూపే ముఖ్య విధానాలు రూపొందించేటప్పుడు సంబంధిత వాస్తవాలన్నీ ప్రచురించాలని 4(1)(సి), నిర్ణయానికి కారణాలను దాని వల్ల ప్రభావితులైనవారికి చెప్పాలని 4(1)(డి) అంటాయి. స్థానిక భాషను దృష్టిలో ఉంచుకుని సమాచారం అందించాలన్నది కూడా చట్టంలోనే ఉంది. మంత్రివర్గ పత్రాలకు మినహాయింపు ఉన్నా, నిర్ణయం పూర్తయ్యాక దాని కారణాలు, ఆధారాలు బయటపెట్టాలని 8(1)(ఐ) చెబుతుంది.

ఈ చట్టం ప్రయాణంలో తెలుగువారి పాత్ర గట్టిది. లోక్‌సత్తా వ్యవస్థాపకుడు జయప్రకాశ్ నారాయణ్ సభ్యుడిగా ఉన్న రెండో పాలనా సంస్కరణల సంఘం 2006లో తన మొదటి నివేదికను సమాచార హక్కుకే కేటాయించి, 1923 నాటి అధికార రహస్యాల చట్టాన్ని రద్దు చేయాలని సిఫార్సు చేసింది. కాప్రా ఉన్న మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలోనే శామీర్‌పేటలో నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం ఉంది. అక్కడ ఆచార్యుడిగా పనిచేసిన మాడభూషి శ్రీధర్ 2013 నుంచి 2018 వరకు కేంద్ర సమాచార కమిషనర్‌గా పనిచేశారు. 2018లో క్రికెట్ నియంత్రణ మండలి కూడా ఈ చట్టం పరిధిలోకి వస్తుందని ఆదేశించింది ఆయనే.

పురపాలక సంఘం నుంచి సర్కిల్ దాకా

కాప్రా 2007 వరకు సొంత పురపాలక సంఘం. 2001 జనాభా లెక్కల ప్రకారం ఇక్కడ సుమారు 1 లక్షా 59 వేల మంది ఉండేవారు. ఈసీఐఎల్ కర్మాగారం, దాని వ్యవస్థాపకుడి పేరిట వెలసిన డాక్టర్ ఏఎస్ రావు నగర్, మాజీ సైనికుల సైనిక్‌పురి, చర్లపల్లి పారిశ్రామికవాడ, పాత ఊరు, ఊరి చెరువు ఉన్న ప్రాంతం ఇది. కౌన్సిలర్లు, కార్యాలయం, సమావేశం అన్నీ ఊళ్లోనే ఉండేవి.

పురపాలక సమావేశాలు ప్రజలకు తెరిచి ఉండాలన్నది మన ప్రాంతాలకు కొత్త భావన కాదు. ముంబయి నగరపాలక చట్టం 1888 నుంచే, మద్రాసు జిల్లా పురపాలక సంఘాల చట్టం 1920 నుంచే ఆ నియమం పెట్టాయి. మెజారిటీ సభ్యులు తీర్మానిస్తేనో, అధ్యక్షుడు కారణం రాసిపెడితేనో తప్ప సమావేశం బహిరంగమే. హైదరాబాద్ నగరపాలక సంస్థకు ఆధారమైన 1955 నాటి చట్టంలో బొంబాయి కార్పొరేషన్ చట్టాల ఛాయ స్పష్టంగా కనిపిస్తుంది.

2007 ఏప్రిల్ 16న కాప్రాతో సహా 12 పురపాలక సంఘాలు, 8 గ్రామ పంచాయతీలు పాత నగరపాలక సంస్థతో కలిసి గ్రేటర్ హైదరాబాద్ మహానగరపాలక సంస్థ, జీహెచ్ఎంసీ, ఏర్పడింది. 150 డివిజన్ల మహానగరంలో కాప్రా ఒకటో నంబరు సర్కిల్ అయింది. కాప్రా, ఏఎస్ రావు నగర్, చర్లపల్లి, మీర్‌పేట హెచ్‌బీ కాలనీ, మల్లాపూర్, నాచారం అనే ఆరు డివిజన్లు దాని కిందికి వచ్చాయి. కాప్రా గురించి కాప్రాలో చర్చించే పాలకమండలి లేకుండా పోయింది. సర్కిల్ కార్యాలయంలో డిప్యూటీ కమిషనర్, ఇంజినీర్లు ఉంటారు. తీర్మానాలు మాత్రం లిబర్టీ దగ్గరి ప్రధాన కార్యాలయంలో జరిగేవి. 15 మంది సభ్యుల స్టాండింగ్ కమిటీ పనుల మంజూరులో, బడ్జెట్ తయారీలో కీలకంగా ఉండేది. పౌరుడికి అతి తక్కువగా తెలిసిన సమావేశమూ దానిదే.

కాప్రా పరిధిలోని చర్లపల్లి డివిజన్ నుంచి గెలిచిన బొంతు రామ్మోహన్ 2016 ఫిబ్రవరి నుంచి 2021 ఫిబ్రవరి వరకు మేయర్‌గా ఉన్నారు. నగర ప్రథమ పౌరుడే ఈ ప్రాంతం వాడైనా, కాప్రా వాసికి తన పనులపై చర్చ వినే గది దగ్గర కాలేదు. దూరం వ్యక్తుల వల్ల వచ్చింది కాదు, వ్యవస్థ నిర్మాణం వల్ల వచ్చింది.

విలీనం వల్ల ఒక హక్కు మాత్రం కొత్తగా దక్కాలి. 1993 జూన్ 1న అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ 3 లక్షలు, ఆపై జనాభా ఉన్న పురపాలికల్లో వార్డు కమిటీలు ఉండాలంటుంది. విడిగా ఉన్నప్పుడు ఆ సంఖ్య కంటే తక్కువ జనాభా ఉన్న కాప్రాకు ఆ నియమం వర్తించలేదు. మహానగరంలో కలిశాక వర్తించింది. 2005 డిసెంబరులో మొదలైన జవహర్‌లాల్ నెహ్రూ పట్టణ పునర్నిర్మాణ పథకం కింద కేంద్రం నిధులకు పెట్టిన షరతుల్లో ప్రజా భాగస్వామ్య చట్టం ఒకటి. ఆ క్రమంలో వార్డు కమిటీలు, వాటి కింద ఏరియా సభలు రాష్ట్ర చట్టంలోకి వచ్చాయి. కాలనీ స్థాయిలో ఓటర్లు కూర్చుని పనుల ప్రాధాన్యం నిర్ణయించాలన్నది ఏరియా సభల ఉద్దేశం. గ్రామసభకు పట్టణంలో దొరికిన ప్రతిరూపం అది. ఆ స్థాయిలో అది వేళ్లూనుకోలేదు.

2023 జూన్ 16న జీహెచ్ఎంసీలోని 150 డివిజన్లలో వార్డు కార్యాలయాలు ప్రారంభమయ్యాయి. ఫిర్యాదుకు ఇంటి దగ్గరే అధికారి దొరకడం మేలే. సోమవారం జరిగే ప్రజావాణి కూడా అలాంటి మేలే. అయితే ఫిర్యాదు వినే వేదిక వేరు, నిర్ణయం చేసే సమావేశం వేరు. మొదటిదానిలో పౌరుడు అర్జీదారు, రెండోదానిలో భాగస్వామి.

గ్రేటర్ వెలుపలి పట్టణాలకు వర్తించే తెలంగాణ పురపాలక చట్టం 2019 ప్రతి వార్డులో యువత, మహిళలు, వయోవృద్ధులు, ప్రముఖ పౌరులతో నాలుగు కమిటీలను, ఒక్కోదానిలో 15 మందిని నియమించమంది. 2020 ఫిబ్రవరి పట్టణ ప్రగతి సమయంలో అవి ఏర్పాటయ్యాయి. బెంగళూరులో 2018 తర్వాత పౌర సంఘాల ఒత్తిడితో నెలకోసారి, మొదటి శనివారం, వార్డు కమిటీ సమావేశం జరిపే సంప్రదాయం మొదలైంది. తేదీ ముందే తెలియడం వల్ల పౌరుడు ఎవరినీ అడగకుండా వెళ్లగలుగుతాడు. ఇంత చిన్న ఏర్పాటుకు ఎంత విలువ ఉందో ఆ అనుభవం చెబుతుంది.

పాలకమండలే లేకపోతే

సమావేశాలు బహిరంగంగా జరగాలంటే ముందు సమావేశమంటూ ఉండాలి. జీహెచ్ఎంసీ ఏర్పడిన 2007 ఏప్రిల్ నుంచి 2009 డిసెంబరు వరకు, మళ్లీ 2014 డిసెంబరు నుంచి 2016 ఫిబ్రవరి వరకు నగరానికి ఎన్నికైన పాలకమండలి లేదు. ప్రత్యేకాధికారి సంతకమే తీర్మానం. తెలంగాణ గ్రామ పంచాయతీలు 2024 ఫిబ్రవరి నుంచి 2025 డిసెంబరు ఎన్నికల వరకు ఇదే స్థితిలో ఉన్నాయి. అయిదేళ్ల గడువు ముగిసేలోపే కొత్త ఎన్నికలు పూర్తి కావాలని రాజ్యాంగంలోని 243-ఇ, 243-యు అధికరణాలు చెబుతున్నాయి. ఒక అధికారి తన గదిలో ఒంటరిగా తీసుకునే నిర్ణయానికి అజెండా ఉండదు, ప్రేక్షకులుండరు, భిన్నాభిప్రాయం నమోదు కాదు. సకాలంలో ఎన్నికలు జరగకపోవడం పారదర్శకతకు తగిలే తొలి దెబ్బ.

సికింద్రాబాద్ కంటోన్మెంటు

సమావేశం బహిరంగంగా ఉండాలని సూటిగా చెప్పే చట్టం కాప్రాకు సమీపంలోనే అమల్లో ఉంది. 1806లో ఏర్పడిన సికింద్రాబాద్ కంటోన్మెంటు ఇప్పుడు 2006 నాటి కంటోన్మెంట్ల చట్టం కింద నడుస్తోంది. అధ్యక్షుడు కారణాలను మినిట్స్‌లో నమోదు చేసి వేరే విధంగా ఆదేశిస్తే తప్ప, బోర్డు ప్రతి సమావేశం ప్రజలకు తెరిచి ఉండాలని ఆ చట్టం అంటుంది. మినిట్స్‌ను కంటోన్మెంటు వాసులు ఉచితంగా చూడవచ్చు. 1924 చట్టంలోనూ ఈ నియమం ఉంది. అంటే సైనికాధికారి అధ్యక్షత వహించే బోర్డుకు, అదీ బ్రిటిష్ కాలంలోనే, బహిరంగత తప్పనిసరి అయింది.

ఇక్కడ కూడా ఆచరణ ఎన్నికల దగ్గరే ఆగింది. ఎన్నికైన బోర్డు అసలు గడువు 2020 ఫిబ్రవరిలో ముగిసింది. పొడిగింపు అయ్యాక అధ్యక్షుడు, ముఖ్య కార్యనిర్వహణాధికారి, ఒక నామినేటెడ్ పౌర సభ్యుడితో ముగ్గురి బోర్డు వచ్చింది. 2023 ఏప్రిల్ 30న జరపాలనుకున్న ఎన్నికలు రద్దయ్యాయి. ముగ్గురు కూర్చునే సమావేశానికి తలుపు తెరిచి ఉంచినా, ప్రజల తరఫున ప్రశ్నించే ప్రతినిధి లోపల లేనప్పుడు చర్చ చప్పబడుతుంది.

గ్రామసభ, ప్రజావేదిక

బహిరంగ సమావేశానికి మన గడ్డ మీద బలమైన రూపం గ్రామసభ. 1993లో అమల్లోకి వచ్చిన 73వ సవరణ 243-ఎ అధికరణం ద్వారా దానికి రాజ్యాంగ స్థానం ఇచ్చింది. ఊరి ఓటర్లందరూ అందులో సభ్యులే. చూడటానికి వచ్చే ప్రేక్షకులు కారు. 1994 నాటి ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం, 2018 నాటి తెలంగాణ చట్టం రెండూ తమ ఆరో సెక్షన్‌ను గ్రామసభకే కేటాయించాయి. తెలంగాణ చట్టం రెండు నెలలకోసారి సభ జరగాలంటుంది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో 1996 నాటి పెసా చట్టం గ్రామసభకు మరింత అధికారం ఇచ్చింది.

2024 ఆగస్టు 23న ఆంధ్రప్రదేశ్‌లోని 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు జరిపి ఉపాధి హామీ పనులకు ఆమోదం తీసుకున్నారు. 2025 జనవరి 21 నుంచి 24 వరకు తెలంగాణలో గ్రామ, వార్డు సభలు జరిపి రేషన్ కార్డులు, ఇందిరమ్మ ఇళ్లు లాంటి పథకాల జాబితాలు చదివారు. చాలాచోట్ల జనం లేచి అభ్యంతరం చెప్పారు. అధికారులకు అది ఇబ్బందిగా అనిపించవచ్చు, కానీ సభ పెట్టేదే అందుకు. గదిలో తయారైన జాబితాలోని పొరపాటు వీధిలో చదివినప్పుడే దొరుకుతుంది.

సామాజిక తనిఖీలో తెలుగు నేల దేశానికి దారి చూపింది. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ పథకం మొదలైంది. పథకం పనులను గ్రామసభ తనిఖీ చేయాలని ఉపాధి హామీ చట్టంలోని 17వ సెక్షన్ చెప్పింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ దాన్ని కాగితం మీద వదిలేయలేదు. 2009లో సామాజిక తనిఖీ కోసం ప్రత్యేక సొసైటీని స్థాపించింది. కూలీ కుటుంబాల యువతీ యువకులకు శిక్షణ ఇచ్చి, మస్టర్ రోళ్లతో ఇంటింటికీ పంపి, దొరికిన తేడాలను గ్రామసభలో, ఆపై మండల ప్రజావేదికలో అందరి ముందు చదివించింది. తప్పు చేసిన సిబ్బంది సమాధానం చెప్పాల్సింది ఆ జనం ముందే. 2011లో కేంద్రం సామాజిక తనిఖీ నియమాలు రూపొందించేనాటికి ఈ పద్ధతి దేశానికి నమూనాగా నిలిచింది. కూలీలకు దక్కిన ఈ వేదిక లాంటిది మహానగర పౌరుడికి లేదు. సీసీ రోడ్డు ఖర్చును అందరి ముందు చదివి వినిపించే సభ కాప్రాలో ఎక్కడా చట్టబద్ధంగా జరగదు.

పర్యావరణ బహిరంగ విచారణ

పరిశ్రమల విషయంలో 2006 సెప్టెంబరు 14 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ఒక పటిష్ఠమైన పద్ధతి ఇచ్చింది. కాలుష్య నియంత్రణ మండలి 30 రోజుల ముందు ఒక జాతీయ పత్రికలో, ఒక ప్రాంతీయ భాషా పత్రికలో ప్రకటన ఇవ్వాలి. కలెక్టరు లేదా ఆయన నియమించిన అధికారి అధ్యక్షత వహించాలి. విచారణ మొత్తాన్ని వీడియో తీయాలి. చివరలో మినిట్స్‌ను స్థానిక భాషలో సభికులకు చదివి వినిపించాలి. చర్లపల్లి, నాచారం, మల్లాపూర్ పారిశ్రామికవాడల మధ్య, జవహర్‌నగర్ డంపింగ్ యార్డుకు దగ్గరలో బతికే కాప్రా వాసులు తెలిసి ఉండాల్సిన హక్కు ఇది. పరిశ్రమ విస్తరణపై ఇంత వివరమైన బహిరంగ విచారణ సాధ్యమైనప్పుడు, వార్డు బడ్జెట్‌పై సాధ్యం కాదనడానికి కారణం లేదు.

ఉత్తర్వులు, కమిషన్లు

సమావేశం మూసి ఉన్నా ఉత్తర్వు బయటికి వస్తే కొంత మేలు. అదీ అన్నిసార్లూ జరగలేదు. 2021 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవోలను వెబ్‌సైట్‌లో పెట్టడం ఆపింది. 2024 ఆగస్టులో అది మళ్లీ మొదలైంది. తెలంగాణలో 2021 ఆగస్టులో దళితబంధు జీవో విషయంలో వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యంలో, జారీ అయిన 24 గంటల్లో జీవోలను అందుబాటులో ఉంచాలని హైకోర్టు సూచించింది.

సమాచారం నిరాకరిస్తే చివరి ఆశ్రయం సమాచార కమిషన్. తెలంగాణ కమిషన్ 2017లో ఏర్పడింది. 2023 ఫిబ్రవరి నుంచి 2025 మే వరకు అందులో ఒక్క కమిషనర్ కూడా లేరు. రెండేళ్లకు పైగా రెండో అప్పీళ్లు వినేవారే లేకపోతే, కింది అధికారికి జరిమానా భయం ఎక్కడిది? ఖాళీలను సకాలంలో నింపాలని 2019 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పినా ఈ స్థితి వచ్చింది. 2019 సవరణ కమిషనర్ల పదవీకాలం, జీతాల నిర్ణయాన్ని కేంద్రం చేతికి ఇచ్చింది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వ్యక్తిగత సమాచారం పేరుతో నిరాకరించే వీలును పెంచింది. ప్రజాప్రయోజనం మిన్న అయినప్పుడు సమాచారం ఇవ్వవచ్చన్న 8(2) సెక్షన్ మాత్రం ఇంకా నిలిచి ఉంది.

గోప్యత ఎంతవరకు

అన్ని చర్చలూ వీధిలో జరగాలని ఎవరూ కోరరు. ఉద్యోగిపై క్రమశిక్షణ చర్య, కోర్టులో ఉన్న వ్యాజ్యం, కొనబోయే స్థలం ధర, బాధితుల వ్యక్తిగత వివరాలు లాంటి అంశాల్లో గోప్యత న్యాయమే. బహిరంగంగా మాట్లాడాల్సి వస్తే సభ్యులు కెమెరా కోసం ఉపన్యాసాలిస్తారని, అసలు బేరం ముందురోజే ఎక్కడో జరిగిపోతుందని విమర్శ ఉంది. అందులో నిజం ఉంది. అందుకే మంచి చట్టాలు తలుపు మూసేటప్పుడు కారణం రాయమంటాయి, మూసిన గదిలో తేలిన నిర్ణయాన్ని తర్వాత ప్రకటించమంటాయి, అనధికార మంతనాలను నిషేధిస్తాయి. గోప్యత మినహాయింపుగా ఉండాలి, అలవాటుగా మారకూడదు.

పౌరుడి చేతిలో ఉన్నది

ఇప్పుడున్న చట్టంతోనే చేయగలిగింది చాలా ఉంది. రూ.10 రుసుముతో సర్కిల్ కార్యాలయంలోని పౌర సమాచార అధికారికి దరఖాస్తు ఇవ్వవచ్చు. తెల్లకార్డు ఉన్నవారికి ఆ రుసుమూ లేదు. తీర్మానం నకలు, పని అంచనా, ఎం-బుక్ అడగవచ్చు. రికార్డులను స్వయంగా తనిఖీ చేయవచ్చు, మొదటి గంట ఉచితం. వేసిన రోడ్డు నుంచి ధ్రువీకరించిన నమూనా తీసుకునే హక్కు కూడా 2(జె) సెక్షన్‌లో ఉంది. 30 రోజుల్లో జవాబు రాకపోతే 30 రోజుల లోపు మొదటి అప్పీలు, ఆపై 90 రోజుల లోపు కమిషన్‌కు రెండో అప్పీలు చేయవచ్చు. కారణం లేకుండా ఆలస్యం చేసిన అధికారికి రోజుకు రూ.250 చొప్పున రూ.25,000 వరకు జరిమానా పడుతుంది.

ప్రభుత్వం చేయాల్సింది కూడా తేలికే. డివిజన్ స్థాయిలో నెలకో నిర్ణీత తేదీన వార్డు సభ, మూడు రోజుల ముందు తెలుగులో అజెండా, వారంలో మినిట్స్, స్టాండింగ్ కమిటీ సమావేశాల ప్రత్యక్ష ప్రసారం చాలు. వీటికి కొత్త భవనాలు అక్కర్లేదు, పెద్ద ఖర్చు లేదు. 1888లోనే ముంబయి కార్పొరేషన్‌కు, 1924లోనే కంటోన్మెంటుకు సాధ్యమైన నియమాన్ని నేటి మహానగరానికి తప్పనిసరి చేయడమే మిగిలింది.

అది వచ్చేదాకా కాప్రా కాలనీ సంక్షేమ సంఘాలు ఒక చిన్న పనితో మొదలుపెట్టవచ్చు. మీ సంస్థలో ఉన్న కమిటీలు ఏవి, వాటి సమావేశాలకు మేం రావచ్చా, రాకూడదంటే ఏ నియమం కింద అని సమాచార హక్కు దరఖాస్తులో అడగండి. ఆ ప్రశ్నకు రాతపూర్వకంగా జవాబివ్వడం 2005 నుంచి ప్రతి ప్రభుత్వ సంస్థకూ చట్టబద్ధమైన బాధ్యత.